గురుగృహానికి తొంభై

ఆ ఆదివారానికి వట్రసుడిగారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఏడింటికి టీ, ఎనిమిదింటి దాకా పేపరు, తొమ్మిదింటికి గడ్డం, పదకొండింటికి గ్రంథాలయం మేడమీద బావగారి ఉపన్యాసం. అక్కడ చివరి వరుసలో గోడకి తల ఆనించి, కళ్ళు తెరిచే ఓ గంట నిద్రపోయి, ఒంటిగంటకల్లా భోజనానికి ఇల్లు చేరడం. నెలకో ఆదివారం చొప్పున పదకొండేళ్ళుగా ఇదే వరస. కళ్ళు తెరిచి నిద్రపోవడంలో ఆయన ప్రావీణ్యం మామూలుది కాదు. మధ్యమధ్య తల కూడా ఊపగలరు.

వట్రసుడి అనేది ఆయన ఇంటిపేరు కాదు. ఒక చిన్న ప్రింటింగు ప్రెస్సులో ముప్పై ఏళ్ళుగా ఆయన ప్రూఫ్ రీడరు. అక్షరం పక్కన మెలి తిరిగే వట్రసుడి ఉండాల్సిన చోట క్రావడి పడితే ఆయనకి అన్నం సహించదు. అందుకని ప్రెస్సువాళ్ళు ఆ పేరే ఖాయం చేశారు. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ ఆయన మొదటిరోజే చెప్పే పాఠం ఒకటుంది. వట్రసుడి పెడితే గృహం, అంటే ఇల్లు. క్రావడి పెడితే గ్రహం, అంటే ఆకాశంలో తిరిగే గోళం. ఈ తేడా తెలియనివాడు రెంటిలో దేని మీదా ఉండడానికి అర్హుడు కాడని ఆయన అభిప్రాయం. పెళ్ళయిన కొత్తలో భార్య పుట్టింటి నుంచి ప్రేమగా ఉత్తరం రాస్తే, ఆరు తప్పులు ఎర్రసిరాతో దిద్ది తిరుగుటపాలో పంపించారు. ఆవిడ మళ్ళీ ఉత్తరం రాయలేదు.

ఆవిడ అన్నయ్యే ఈ ఉపన్యాసాల మాష్టారు. బళ్ళో సైన్సు చెప్పి రిటైరయ్యాక, భూమ్మీద పాఠం వినేవాళ్ళు కరువై ఆకాశం మీద పడ్డారు. నక్షత్రాలు, వాటి చుట్టూ తిరిగే గ్రహాలు, వాటి మీద ఎవరైనా ఉన్నారా లేరా అన్న విచారం, ఇవే ఆయన లోకం. దురదృష్టం ఏమిటంటే ఆ లోకంలో జనాభా నలుగురు. వాళ్ళలో ఒకరు వట్రసుడిగారు, ఒకరు తలుపు తీసే అటెండరు, ఒకరు ఫ్యాను గాలికి వచ్చే పెద్దాయన. నాలుగో ఆయన ఎవరో, ఎందుకొస్తాడో ఇంతవరకూ తేలలేదు. మాష్టారి భార్య అయితే పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మెట్లెక్కలేదు.

పోయిన నెల గ్రంథాలయం కమిటీ తేల్చి చెప్పేసింది. ఈసారి రిజిస్టరులో ముప్పై సంతకాలు పడకపోతే ఆ గదిని కుట్టుపని తరగతికి ఇచ్చేస్తారట. టెలిస్కోపు ఇంటికి పట్టుకుపొమ్మన్నారట. మాష్టారు ఆ మాట చెప్పడానికి ప్రెస్సుకి వచ్చారు.

"ఆకాశంలో ఎవరైనా ఉన్నారా అన్నది నిదానంగా తేల్చుకోవచ్చు బావా. ముందు హాల్లో ఎవరైనా ఉండాలి కదా" అన్నారు.

దాంతో మొదటిసారి కరపత్రం వేయించాలని నిర్ణయమైంది. రెండువేల కాపీలు, ఆదివారం ఉదయం పేపర్లలో పెట్టి పంచడానికి. మాష్టారు వారం రోజులు కూర్చుని రాసిన ఆ పది వాక్యాలనీ వట్రసుడిగారే స్వయంగా దిద్దారు. ఒక్క తప్పు లేదు. కింద సంతకం పెట్టి, శనివారం ఆ బాధ్యత తీరిందనుకున్నారు.

ఆదివారం ఆ కరపత్రాలు సర్దడంలో పేపరు తొమ్మిది దాటాక గానీ రాలేదు. ఆయన రెండో టీ గ్లాసు ఎత్తేసరికి, పేపరు ముందుగా అందుకున్న భార్య గదిలోకి వచ్చింది. చేతిలో పేపరు లేదు, గులాబిరంగు కాగితం ఉంది.

"ఏవండీ, మా అన్నయ్యకి తొంభై ఏంటండీ?"

"ఇంకా డెబ్బై నిండలేదుగా."

"వయసు కాదు. చదవండి."

వట్రసుడిగారు కళ్ళజోడు పెట్టుకుని, అలవాటు కొద్దీ ఎర్రపెన్ను మూత తీసి చదివారు. పైన పెద్ద అక్షరాలతో "గృహాంతర జీవం: అవకాశాలు" అని ఉంది. దాని కింద ఇలా ఉంది. "మనం ఉంటున్న గృహం కాక మరో గృహంలో జీవం సాధ్యమా? మన గృహానికి ఉన్నది ఒక్కటే ఉపగృహం. కానీ గురుగృహానికి తొంభైకి పైగా ఉపగృహాలు! వాటిలో కొన్నింటిలో జీవం రహస్యంగా దాగి ఉండవచ్చు. ఈ విషయంలో పదకొండేళ్ళ అనుభవం గల మాష్టారు చిత్రాలతో సహా వివరిస్తారు. ప్రవేశం ఉచితం. అందరూ విచ్చేసి అనుగృహించండి."

టీ గ్లాసు ఎక్కడ పెట్టారో ఆయనకే తెలియదు. ముప్పై ఏళ్ళ పేరు గంగలో కలిసిన చప్పుడు ఆయన చెవులకి స్పష్టంగా వినిపించింది.

జరిగిందేమిటో ఆయనకి అంచెలంచెలుగా గుర్తొచ్చింది. శనివారం మధ్యాహ్నం ఇళ్ళ కాంట్రాక్టరు పుస్తకం ప్రూఫు కూడా వచ్చింది. కంపోజింగ్ చేసే ఆవిడ అందులో గృహం అన్న ప్రతిచోటా గ్రహం అని కొట్టింది. "రెండు పడకగదుల గ్రహాలు అమ్మబడును. ప్రతి గ్రహానికీ కారు పెట్టుకునే చోటు కలదు." ఇలా నలభై చోట్ల ఉంది. ఆకలి దంచేస్తున్న వేళ నలభై చోట్లా ఎర్రగీత పెట్టే ఓపిక లేక, వట్రసుడిగారు గుమ్మంలోంచే కేకేశారు. గ్రహ అని ఎక్కడ కనపడినా గృహ చేసెయ్యమనీ, ఒక్కటి మిగిలినా ఊరుకోననీ గట్టిగా చెప్పి భోజనానికి వెళ్ళిపోయారు. కాగితం కలిసొస్తుందని ఆ పుస్తకాన్నీ మాష్టారి కరపత్రాన్నీ ఒకే షీటు మీద వేస్తున్నారన్న సంగతి ఆయనకి గుర్తు లేదు. ఆవిడ కంప్యూటరుకి ఒక్కమాట చెప్పింది. కంప్యూటరు ఒక్కటి కూడా మిగల్చలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నది ఇలాంటి సందర్భాల కోసమే పుట్టి ఉండాలి.

"ఉపగృహం అంటే చిన్నిల్లేగా?" అంది భార్య. "మనకి ఒక్కటే ఉందని కూడా రాశారు. మనకి అంటే ఎవరికి?"

"అది చందమామ."

"పేరు కూడా ఉందన్నమాట."

ఇక అక్కడ వాదించి లాభం లేదని వట్రసుడిగారు చొక్కా తగిలించుకున్నారు. మాష్టారికి ఫోను చేద్దామంటే, ఉపన్యాసం రోజున ఆయన ఫోను ఇంట్లోనే వదిలేస్తారు. మోగితే సభికులు నిద్ర లేస్తారని ఆయన భయం. కుర్చీలు సర్దుకోవడానికి పొద్దున్నే, పేపరు రాకముందే బయల్దేరిపోతారు కూడా. అయినా ఆశ చావక వట్రసుడిగారు ముందు వాళ్ళింటికే పరుగెత్తారు.

మాష్టారి భార్య అప్పటికే వీధిగుమ్మంలో చెప్పులేసుకుని నిలబడి ఉంది. చంకలో గొడుగు, చేతిలో గులాబిరంగు కాగితం. ఏడ్చిన జాడ లేదు గానీ లెక్కలు కట్టిన జాడ ఉంది.

"రా తమ్ముడూ. నలుగురు కూడా రాని చోటికి నెలనెలా ఇస్త్రీ చొక్కా ఎందుకా అనుకునేదాన్ని. పదకొండేళ్ళంటే నూట ముప్పైరెండు ఆదివారాలు. తొంభై పోగా మిగిలిన నలభైరెండు ఎక్కడికెళ్ళారంటావ్?"

"అక్కయ్యగారూ, అది గృహం కాదండీ. గ్రహం."

"నేనూ గ్రుహమనే కదా అంటున్నాను."

"వట్రసుడి కాదండీ, క్రావడి."

"ఎవత్తైతేనేం తమ్ముడూ, అంతా నా గ్రహచారం" అంటూ ఆవిడ గొడుగు విప్పి మెట్లు దిగిపోయింది. గ్రహచారంలో మాత్రం ఆవిడ క్రావడి సరిగ్గానే పలికిందని, ఆ కంగారులో కూడా వట్రసుడిగారు గమనించకుండా ఉండలేకపోయారు.

ఆయన వీధి మలుపు దాకా ఆవిడ వెనకే పరుగెత్తారు. ఆదివారం పదింటికి ముసుగు తన్ని పడుకోవాల్సిన ఊరు గ్రంథాలయం వైపు నడుస్తోంది. అద్దె ఇల్లు మారదామని చూస్తున్నవాళ్ళు కొందరు, అత్తగారితో పడక వేరు కాపురం పెట్టాలనుకుంటున్న కోడళ్ళు ఇద్దరు, వాళ్ళని కనిపెట్టి ఉండడానికి వచ్చిన అత్తగార్లు ఇద్దరు, భార్యలు రెక్క పట్టుకుని లాక్కొస్తున్న భర్తలు చాలామంది. ఒకప్పుడు ఆ మాష్టారి చేత తొడపాశాలు తిన్న పాత విద్యార్థులు మాత్రం మహా ఉత్సాహంగా ఉన్నారు. ఇళ్ళ కాంట్రాక్టరు కూడా చంకలో తన పుస్తకాల కట్ట పెట్టుకుని వచ్చాడు. గృహాంతర అవకాశాలంటే పోటీ కంపెనీవాడి ఎత్తేమోనని అతని అనుమానం.

మేడమీద లైబ్రేరియన్ రిజిస్టరు ముందు కూర్చుని సంతకాలు పెట్టిస్తోంది. కరపత్రం చూశారా అని వట్రసుడిగారు గొణిగితే, చూశాననీ, అందులో ఏముందో తనకి అనవసరమనీ, సంతకాలు డెబ్బై దాటాయనీ, కింద పిల్లల విభాగం నుంచి బల్లలు తెప్పిస్తున్నాననీ చెప్పింది.

ఇంతలో జనంలోంచి తోసుకుంటూ మాష్టారు వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. ఆ చేతులు చెమటతో తడిసి ఉన్నాయి. కళ్ళూ తడిసి ఉన్నాయి.

"చూశావా బావా? నీ కరపత్రం చలవే ఇదంతా. చూడు, మీ అక్కయ్య కూడా వచ్చింది. మొదటి వరసలో కూర్చుంది. పదకొండేళ్ళకి."

వట్రసుడిగారి నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. బావగారిని అంత సంతోషంగా ఆయన ఎన్నడూ చూడలేదు. చెబితే ఈ మొహం ఏమైపోతుంది? చెప్పకపోతే ఇంకో గంటలో ఏమైపోతుంది? ఆయన వెళ్ళి చివరి వరుసలో గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఆరోజు కళ్ళు తెరిచే ఉన్నాయి, నిద్ర మాత్రం దగ్గరికి రాలేదు.

మాష్టారు ఆకాశంతో మొదలుపెట్టారు. తెర మీద చుక్కల బొమ్మ పడింది. పెద్దమనిషి కదా, అసలు విషయానికి చుట్టు తిరిగి వస్తాడులే అని జనం ఓపిక పట్టారు. అపార్థం అప్పుడే తీరిపోయి ఉండేదే. కానీ మాష్టారు ఈమధ్యే పళ్ళసెట్టు కట్టించుకున్నారు. అది ఇంకా నోటికి కుదురుకోలేదు. గ్రహం అన్నా గ్రుహం అనే వినిపిస్తోంది. వట్రసుడిగారికి అది గోరుచుట్టు మీద రోకటిపోటు.

"మరో గ్రుహం ఉన్నట్టు కంటికి కనిపించదమ్మా" అన్నారు మాష్టారు. "పక్కన నక్షత్రం వెలుగు ఉంటుంది కదా, ఆ చాటున ఇది మరుగున ఉంటుంది. కానీ దాని లాగుడుకి ఆ నక్షత్రం కాస్త ఊగుతుంది. పైకి నిలకడగా ఉన్నట్టే ఉంటుంది. ఓపిగ్గా, చాలాకాలం కనిపెట్టి చూస్తే, ఆ ఊగడం పట్టుబడుతుంది."

రెండో వరసలో కాళ్ళూపుకుంటూ కూర్చున్న ఒక భర్త టక్కున కాళ్ళు ఆపేశాడు. పక్కనున్న భార్య అది కూడా గమనించింది.

"ఇంకో పద్ధతి కూడా ఉంది. అది అడ్డం వచ్చినప్పుడల్లా వెలుగు కొంచెం తగ్గుతుంది. ఒకసారి తగ్గితే మేం నమ్మం. మళ్ళీ సరిగ్గా అన్నే రోజులకి తగ్గిందా, ఇక ఉన్నట్టే."

మొదటి వరసలోంచి మాష్టారి భార్య లేచి నిలబడింది. నెలకోసారి తగ్గితే ఏమని అర్థం, అని అడిగింది. తన ఇల్లాలు తన సభలో ప్రశ్న వేసినందుకు మాష్టారి మొహం చాటంత అయింది.

"నెలకోసారి అంటే బాగా దగ్గర్లోనే తిరుగుతున్నట్టు."

ఆవిడ గొడుగుని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"సరే. ఈ తొంభై సంగతేంటి?"

"అదా? తొంభై అని నేను కాస్త తగ్గించి రాశానులే" అన్నారు మాష్టారు ముసిముసిగా నవ్వుతూ. "అంతకంటే ఎక్కువే. కొత్తవి ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. ఒక్కోటీ ఒక్కో రకం. ఒకటుంది, లోపలంతా మంటే, ఎప్పుడూ నిప్పులు కక్కుతూ ఉంటుంది. ఇంకోటి పైకి చూడ్డానికి మంచులా చల్లగా ఉంటుంది. కానీ లోపల ఒక సముద్రమే దాచుకుందని నా నమ్మకం. దాని కోసమైతే నేను ఈ వయసులో కూడా..."

గొడుగు నెమ్మదిగా పైకి లేవడం చివరి వరస నుంచి కూడా కనిపించింది. ఇక తప్పదని వట్రసుడిగారికి అర్థమైంది. తప్పంతా కంపోజింగ్ ఆవిడ మీదకి తోసెయ్యొచ్చు. ఆవిడ ఇక్కడ లేదు కూడా. కానీ ఆవిడ చేసింది ఆయన చెప్పినదే, తు.చ. తప్పకుండా. ఆయన జనాన్ని తప్పించుకుంటూ ముందుకి నడిచి, సుద్దముక్క తీసుకుని, నల్లబల్ల మీద పెద్దగా రెండు మాటలు రాశారు. గృహం. గ్రహం.

"తప్పు నాది" అన్నారు. "మాష్టారు రాసింది ఈ రెండోది. అచ్చయింది ఈ మొదటిది. ఆయనకి ఉన్నది ఒక్కటే ఇల్లు. ఆ తొంభై ఉన్నది గురుగ్రహానికి, ఆకాశంలో. ముప్పై ఏళ్ళుగా ఊరందరి తప్పులూ దిద్దాను. ఇవాళ నా తప్పు నేనే దిద్దుకుంటున్నాను."

హాలుకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత లేచిన నవ్వుకి కిటికీ రెక్కలు అదిరాయి. వేరు కాపురం కోడళ్ళూ నవ్వారు, అత్తగార్లూ నవ్వారు, భార్యలు రెక్క పట్టుకుని లాక్కొచ్చిన భర్తలు అందరికంటే గట్టిగా నవ్వారు. మాష్టారు మాత్రం నవ్వలేదు. ఎవరి చేతిలోంచో కరపత్రం తీసుకుని మొదటినుంచి చివరిదాకా చదివారు. మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయన మొహంలో వెలుగు తగ్గడం చూడడానికి ఏ టెలిస్కోపూ అక్కర్లేకపోయింది.

"అయితే మీరెవ్వరూ నక్షత్రాల కోసం రాలేదన్నమాట" అన్నారు చిన్నగా. "పోనీలెండి. కూర్చున్నంతసేపు విన్నారు. అదే సంతోషం."

ఆయన తెర మీది బొమ్మ తీసెయ్యబోయారు. కాంట్రాక్టరు పుస్తకాల కట్ట సర్దుకున్నాడు. వెనక వరుసలో కుర్చీలు కదిలాయి. వట్రసుడిగారికి ఆ సుద్దముక్క మింగి చచ్చిపోదామనిపించింది.

"ఎక్కడికి పోతున్నారు?" అంది మాష్టారి భార్య. ఆవిడింకా నిలబడే ఉంది. గొడుగు మాత్రం కిందికి దిగింది. "ఆ చల్లగా ఉండేదాని సంగతి సగంలో ఆపేశారు. లోపల సముద్రం ఉందన్నారు. అందులో ఏమైనా ఉందా, లేదా?"

"తెలీదు."

"పదకొండేళ్ళుగా చెబుతూ తెలీదంటారేంటి?"

"నాకే కాదు. ఇప్పటిదాకా ఎవరికీ తెలీదు."

"ఎవరికీనా?" ఆవిడ ఆ మాటని కాసేపు నమ్మలేదు. ఆవిడకి తెలిసిన లోకంలో ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది. "మరైతే ఎలా తెలుసుకుంటారట?"

ఆవిడ కూర్చుంది. ఆవిడ కూర్చోవడం చూసి వెనకవాళ్ళూ కూర్చున్నారు. మాష్టారు పళ్ళసెట్టు సర్దుకుని, ఆ మంచు కిందికి ఎలా వెళ్ళాలో, అక్కడ ఒక చిన్న పురుగు కనిపించినా మనం ఒంటరివాళ్ళం కాదని ఎలా తేలుతుందో చెప్పడం మొదలుపెట్టారు. ఒంటిగంట దాటింది. ఎవరి ఇంట్లోనూ భోజనాల వేళ ఎవరికీ గుర్తు రాలేదు. కాంట్రాక్టరు మాత్రం ఆ మంచు మీద పునాది నిలుస్తుందా అని ఒక ప్రశ్న వేశాడు, అతని వృత్తిధర్మం అది. నాలుగో ఆయన ఆరోజు మొదటిసారి నోరు విప్పి, తను పదకొండేళ్ళుగా అడుగుదామనుకుంటున్న ప్రశ్న ఇదేనన్నాడు. రిజిస్టరులో నూట పన్నెండు సంతకాలు పడ్డాయి. కుట్టుపని తరగతికి కింద వేరే గది చూశారు.

ఇంటికి వెళ్ళేటప్పుడు మాష్టారి భార్య గొడుగు విప్పి సగం ఆయన మీద పట్టింది. అది చూసిన వట్రసుడిగారికి ఆ రోజుకి మొదటిసారి ఆకలేసింది.

మరుసటి నెల ఉపన్యాసం తోకచుక్కల మీద. రెండువేల కరపత్రాలకి కమిటీయే ముందుకొచ్చింది. వట్రసుడిగారు ఈసారి కంపోజింగ్ ఆవిడ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, పది వాక్యాలనీ ఏడుసార్లు చదివి, షీటు మీద ఇంకే పనీ లేకుండా చూసుకుని, సంతకం పెట్టి మాష్టారికి పంపించారు.

సాయంత్రానికి ప్రూఫు తిరిగి వచ్చింది. దాని మీద మాష్టారిదీ, లైబ్రేరియన్‌దీ, మాష్టారి భార్యదీ మూడు సంతకాలున్నాయి. కింద ఎర్రసిరాతో ఒక వాక్యం రాసి ఉంది. "బావా, ఇందులో ఒక్క తప్పు కూడా లేదు, దయచేసి సరిచెయ్యి."